గవ్వదీవి మెచ్చుకుంది

పరాయి దేశాలవాళ్లు మనల్ని ఎంత ప్రేమిస్తున్నారో కొలవడానికి ప్రభుత్వం ఒక మండలిని పెట్టింది. దానికో కారణం ఉంది. ఎక్కడో చలిదేశంలో అచ్చయ్యే ఒక పత్రిక, లోకం మెచ్చిన దేశాలివీ అని వరస కట్టి వేసింది. ఆ వరసలో మన దేశం బాగా అడుగున, పేరు పలకడానికి నోరు తిరగని రెండు దేశాల మధ్య ఇరుక్కుని కనపడింది. అది చూసిన దగ్గర్నుంచీ మంత్రిగారికి అన్నం సయించలేదు. రోడ్ల గురించీ కరెంటు గురించీ సొంత జనం నోరారా తిడుతున్నప్పుడు మాత్రం ఆయనకి ఏ పూటా భోజనం ఆగలేదు. ఊరివాళ్ల మాట ఎవడిక్కావాలి, పొరుగువాళ్లు ఏమనుకుంటున్నారో అదీ ముఖ్యం.

అలా పుట్టింది విదేశీ జన మనోభావ మాపన మండలి. రాజధానిలో అద్దాల మేడ కట్టించారు. గుమ్మానికి పెద్ద బూడిద గుమ్మడికాయ వేలాడదీశారు. అధ్యక్షుడిగా డాక్టర్ చిదానందం గారిని కూర్చోబెట్టారు. అంతకుముందు ఆయన ఒక పళ్లపొడి ఎంతమందికి నచ్చిందో తేల్చిన మనిషి. పళ్లపొడికి పనికొచ్చిన పద్ధతి దేశానికి ఎందుకు పనికిరాదని ఆయన నిలదీస్తే, మంత్రివర్గంలో ఒక్కరూ నోరు విప్పలేకపోయారట.

కూర్చున్న వారంలోనే చిదానందం గారు ఓ ఉత్తర్వు తీశారు. ప్రతి దేశంలోనూ జనాన్ని అడిగి అభిమాన సూచిని నిర్ధారించాలి. సూచి యాభై దాటని దేశానికి ఇకమీదట మన సహాయ నిధి నుంచి సూదిమందు కూడా వెళ్లడానికి వీల్లేదు. మనల్ని ప్రేమించనివాళ్లకి మనమెందుకు పెట్టాలీ అని దాని సారాంశం.

ఆ ఉత్తర్వు గవ్వదీవికి చేరేసరికి దువ్వారపు పెంటయ్య దాహానికి కొబ్బరిబొండం తాగుతున్నాడు. గవ్వదీవి అంటే నడిసముద్రంలో ఉన్న చిన్న దేశం. అక్కడ మన దేశం తరఫున ఉన్న ఒకే ఒక్క అధికారి పెంటయ్య. ఎండుచేపల కొట్టు మీద మేడగదే ఆయన రాయబార కార్యాలయం. వెనకటికెప్పుడో కొబ్బరితోటల్లో పని ఉందని దళారులు మాయమాటలు చెప్పి ఓడలెక్కిస్తే, మన ఉత్తరాంధ్ర రేవుల నుంచి వెళ్లి దిగబడిన కూలీల మునిమనవలు ఆ దీవిలో జనం. దేశం మారినా భాష మారలేదు, దిష్టి భయమూ మారలేదు.

మారకపోగా ముదిరింది. ఇష్టమైనదాన్ని ఎదురుగా మెచ్చుకుంటే దిష్టి తగిలి పోతుందని ఆ దీవిలో గట్టి నమ్మకం. అందుకని పసిబిడ్డని చూడ్డానికి వెళ్లినవాళ్లు, "ఓలమ్మ, కోతిపిల్లలాగుంది" అంటారు. ప్రాణస్నేహితుడు ఎదురైతే, "ఇంకా సావలేదేట్రా ఎదవా" అని కౌగిలించుకుంటారు. పొగడ్తలన్నీ గిట్టనివాళ్ల కోసం దాచిపెడతారు. పన్ను వసూలుకొచ్చే అధికారి వీధిలో అడుగుపెడితే చాలు, మారాజు, దరమపెబువు అని నలువైపుల నుంచీ దండకం మొదలవుతుంది.

ఈ సంగతి పెంటయ్యకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. ఆయనకి ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, వాళ్లమ్మ ఈయన్ని పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని పిలుచుకుంది. ఉద్యోగంలో చేరాక పేరు మార్చుకోవయ్యా, నలుగురిలో బాగుండదని పెద్దమనుషులు చాలామంది చెప్పారు. అది మా అమ్మ పెట్టిన కాపలా, తియ్యనన్నాడు.

దీవిలో ఆయనకి ఇల్లూ వాకిలీ లాంటి మనిషి అసిరమ్మ. చేపలమ్ముకునే అసిరమ్మే బెస్తపేట పెద్ద. ఆవిణ్ణి ఆయన అప్పా అని పిలుస్తాడు, అంటే అక్కా అని. ఆవిడ ఆయన్ని మర్యాదగా పిలిచిన పాపాన పోలేదు. రోజూ పొద్దున్నే ఆయన మేడ కిందకొచ్చి, "ఒరే దరిద్రుడా, కూడు తిన్నావేటి, లేకపోతే కుక్కలాగ పడున్నావా?" అని అరిచేది. ఆ అరుపు వింటే తప్ప పెంటయ్యకి తెల్లారినట్టుండేది కాదు.

నిరుడు తుఫానుకి సముద్రం ఊళ్లోకొచ్చి బావులన్నిట్లోనూ కూర్చుంది. వెళ్లేటప్పుడు ఉప్పు వదిలేసి వెళ్లింది. అప్పట్నుంచీ దీవిలో మంచినీళ్లకి కటకట. పట్టుకున్న వాననీళ్లు నాలుగు వారాలు కూడా రావు. అసిరమ్మకి ఏడాది నిండని మనవరాలుంది, దిష్టి తగలకుండా, పుట్టగానే ఒకరికిచ్చేసి మళ్లీ తవుడిచ్చి కొనుక్కున్నారు కాబట్టి దాని పేరు తవిటమ్మ. ఉప్పునీళ్లకి దాని పొట్ట నిలవడం లేదు. చేతులూ కాళ్లూ పుల్లల్లా అయిపోయాయి. పెంటయ్య చెప్పులరిగేలా తిరిగి, రాజధానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాన్ని ఒకదాన్ని మంజూరు చేయించాడు. నీలంరంగు పెట్టెలో అది మన రేవులో ఓడెక్కడానికి సిద్ధంగా ఉంది. వానాకాలం పోయేలోగా తెప్పిస్తానని ఆయన అసిరమ్మకి మాటిచ్చాడు. "నీ మొకానికి అదొకటే తక్కువ" అని ఆవిడ కళ్లొత్తుకుంది.

సరిగ్గా అప్పుడు దిగింది మండలివారి బృందం.

బృందానికి నాయకురాలు మధులిక. ముఖాన చెరగని చిరునవ్వు, చేతిలో పలకలాంటి యంత్రం. ఆవిడ పెంటయ్యని వెంటబెట్టుకుని బెస్తపేటకి వెళ్లింది. అసిరమ్మ చేపలు తోముతోంది.

"మా దేశమంటే మీకు చాలా ఇష్టమా, ఓ మోస్తరు ఇష్టమా, అయిష్టమా, తీవ్ర అయిష్టమా?" అని అడిగింది మధులిక.

అసిరమ్మ ఉలిక్కిపడింది. యంత్రం ఓడెక్కబోయే ముందు ఇలాంటి మాట అడగడానికి ఈ పిల్లకి బుద్ధి లేదా అన్నట్టు పెంటయ్య వైపు చూసి, గబగబా దిష్టికి విరుగుడు మొదలెట్టింది. "మీ దేశమా? పొద్దున్నే ఆ దరిద్రం పేరెత్తకమ్మా. ముదనష్టపు దేశం! ఏటుందని అక్కడ, కాకి కూడా వాలదు. ఆ దేశాన్ని పాడె మీదెట్టా! ఇదిగో, ఈడొకడు, ఆ దేశమోడే. ఈడి మొకం సూడు, పెంటకుప్ప!"

దేశాన్ని అంత ఆప్యాయంగా తిట్టిన మనిషిని పెంటయ్య తన నౌకరీ మొత్తంలో చూడలేదు. మధులిక చిరునవ్వు చెదరకుండా తీవ్ర అయిష్టం అన్నచోట నొక్కింది. అలవాటు ప్రకారం పక్కదేశం గురించి కూడా అడిగింది. పక్కదేశమంటే, పెద్దోడలు పంపించి దీవి చుట్టూ ఉన్న చేపని పిల్లాజెల్లాతో సహా తోడుకుపోయే దేశం.

"ఆళ్లకేటమ్మా, మారాజులు" అంది అసిరమ్మ చేప తల నరుకుతూ. "ఆళ్లంటే మాకు శానా ఇష్టం. ఆళ్లు సల్లగా ఉండాల."

మధులిక అదీ నొక్కింది. పేటంతా ఇదే పాట. చివరికి మన దేశానికి నాలుగు శాతం వచ్చింది, చేపల దొంగలకి తొంభై చిల్లర.

మర్నాడు చిదానందం గారు తెర మీద ప్రత్యక్షమయ్యారు. వెనకాల గోడకి ప్రపంచపటం, దాని మీద రంగురంగుల చుక్కలు.

"పెంటయ్యగారూ, గవ్వదీవి విషయమై మండలి తీవ్ర మనస్తాపాన్ని నమోదు చేసుకుంది."

"సార్, వాళ్లు తిట్టింది ప్రేమతో సార్. మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని భయం. మీకు తెలియనిదేముంది, మన వైపూ ఉంది కదా. నా పేరే చూడండి."

"మీ పేరు గురించి మండలిలో ఇంతకుముందే చర్చ జరిగింది" అన్నారు చిదానందం గారు సానుభూతిగా. "అయితే ప్రతిస్పందకుల ఆంతర్యం మా పరిధిలోకి రాదు. ఉచ్చరించిన పదం మాత్రమే వస్తుంది. దిష్టి మొదలైన మూఢ విశ్వాసాలకు శాస్త్రీయ సూచిలో స్థానం లేదు."

"మరి మన గుమ్మానికి గుమ్మడికాయ..."

"అది వాస్తుశిల్పి సూచించిన అలంకరణ." ఆయన గొంతు సవరించుకున్నారు. "లోపం సూచిలో లేదు. ప్రజల్లో ఉంది. ప్రజలను సరిదిద్దండి. అంతవరకు యంత్రం రేవులోనే నిలుపుదల చేయబడుతుంది."

"పసిపిల్లలు ఉప్పునీళ్లు తాగుతున్నారండీ!"

"అభిమానాన్ని పెంపొందించు సామగ్రిని తక్షణమే పంపుతున్నాం" అని ఆయన మాయమైపోయారు.

ఆ సామగ్రి నిజంగానే తక్షణం వచ్చింది. యంత్రానికి దొరకని ఓడ దానికి దొరికింది. పెట్టెలు విప్పితే టోపీలు, తాళంచెవుల గొలుసులు, మన దేశం గొప్పదనం మీద పాట పాడే బొమ్మలు, వాటన్నిటి అడుగున మంచినీళ్ల సీసాలు. సీసాల మీద 'ప్రేమతో మీ మిత్రదేశం' అని బంగారు అక్షరాలు. లోపల ఏమీ లేదు. నీళ్లేవని పెంటయ్య ఫోన్ చేసి అడిగితే, రవాణా బరువు దృష్ట్యా నీటిని స్థానికంగా నింపుకోవలెనని సమాధానం వచ్చింది. ఒళ్లు మండి ఆయన ఒక సీసాని సముద్రంలోకి గిరాటేశాడు. అది మునగలేదు. బంగారు అక్షరాలు పైకి తిప్పుకుని తేలుతూ తిరిగి ఒడ్డుకే వచ్చింది.

జనం మాత్రం పాపం మురిసిపోయారు. ఖాళీవైనా అంత దూరం నుంచి పంపించారంటే మన మీద ఎంత మమకారమో అనుకున్నారు. మమకారం పెరిగింది కాబట్టి తిట్లూ పెరిగాయి. మధ్యలో మండలివాళ్లు ఓసారి తనిఖీకి అడిగితే నాలుగు శాతం కాస్తా రెండయింది.

తవిటమ్మకి ఏడ్చే ఓపిక కూడా పోయింది. ఆ మధ్యాహ్నం పెంటయ్య అసిరమ్మ ఇంటికి వెళ్లి, ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏట్రా, సవంలాగ నిలబడిపోనావు? రా, కూకో."

"అప్పా, ఈసారి ఆ అమ్మాయి వచ్చి అడిగితే... మా దేశం మంచిదని చెప్పాలి. మా దేశమంటే చాలా ఇష్టమని చెప్పాలి."

అసిరమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "ఏటన్నావు?"

"నన్ను కూడా మెచ్చుకోవాలి."

"నానేటి పాపం సేసినాన్రా నీకు?" అంది ఆవిడ. "నిన్ను మెచ్చుకోవాలా? నా నోటితోటి? మీ అమ్మ నిన్ను పెంటలో పొర్లించి బతికించుకుంటే, నాను ఒక్క మాటతో నీ ఉసురు తియ్యాలా? పన్నులోడి పక్కన నిన్ను నిలబెట్టమంటావేట్రా ఎదవా?"

"నీళ్ల కోసం అప్పా. అలా చెప్తేనే యంత్రం ఇస్తారట."

"ఎవులా మాటన్నోడు? ఆడికి తల్లి లేదేటి?"

చిదానందం గారికి తల్లి ఉండే ఉంటుంది. చిన్నప్పుడు ఆవిడ ఆయన బుగ్గన కాటుక చుక్క పెట్టే ఉంటుంది. అసిరమ్మ ఉయ్యాల దగ్గరికెళ్లి, దాన్ని రెండుసార్లు ఊపింది.

"ఒక్క పాలే, మరోపాలి అడక్కు" అంది ఆఖరికి. "అయినంటనే ఉప్పూ మిరగాయలూ దిగదుడిసి పొయ్యిలో ఎయ్యాల. నువ్వు కదలకుండా కూకోవాల."

పేటవాళ్లందరికీ పొగడ్త నేర్పడం మాత్రం ఆషామాషీగా జరగలేదు. పెంటయ్యతో కలిసి వేటకెళ్లే సూరప్పడు అనే జాలరి 'మీ దేశం మంచి' వరకూ వచ్చి, మిగతాది నోట్లోంచి రాక భోరుమన్నాడు. ఒకామె చెప్పగలిగింది గానీ, చెప్పిన వెంటనే మూడుసార్లు ఉమ్మేసింది. ఉమ్మకూడదని పెంటయ్య బతిమాలాడు. తన పొగడ్తలు తనే దగ్గరుండి కంఠతా పట్టించే గతి ఏ శత్రువుకీ వద్దనుకున్నాడు.

మధులిక మళ్లీ వచ్చింది. జనం కళ్లు మూసుకుని, పెదవులు బిగబట్టి, నేర్చుకున్నది అప్పజెప్పారు. ఆవిడ పేట దాటగానే ఇంటింటా మిరపకాయల ఘాటు లేచింది. పెంటయ్యని వీధి మధ్య కుర్చీలో కూర్చోబెట్టి దిగదుడిచినవాళ్లు దిగదుడిచినట్టే ఉన్నారు. ఆయన దగ్గీ దగ్గీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. స్థానికులు హర్షాతిరేకంతో సువాసన ద్రవ్యాలు దగ్ధం చేశారని మధులిక నివేదికలో రాసింది.

గవ్వదీవి సూచి తొంభై ఏడు. మండలి పుట్టాక అంత పెద్ద అంకె రాలేదు. రాజధానిలో కేకు కోశారు. మంత్రిగారు రెండోసారి వడ్డించుకుని భోంచేశారని పత్రికల్లో వచ్చింది. పెంటయ్య ఆదరాబాదరాగా తెర ముందు కూర్చున్నాడు.

"సార్, ఓడ ఎప్పుడు బయల్దేరుతుంది?"

"బయలుదేరింది" అన్నారు చిదానందం గారు ప్రసన్నంగా. "అయితే గమ్యస్థానంలో స్వల్ప మార్పు. గవ్వదీవి అభిమాన సంతృప్త మండలంగా ప్రకటించబడింది. తొంభై ఏడు వద్ద ఉన్న దేశానికి యంత్రమిచ్చినా ఎంత పెరుగుతుంది? మూడు. అదే యంత్రాన్ని పదకొండు వద్ద ఉన్న దేశానికిస్తే, పెరుగుదలకు అపార అవకాశం ఉన్నది. కడుపు నిండినవారికి మళ్లీ విస్తరి వేస్తామా చెప్పండి?"

పెంటయ్య కుర్చీలోంచి లేచిపోయాడు. "కడుపు నిండటమేంటండీ! వాళ్లచేత అబద్ధం చెప్పించింది నేను సార్. ఆ తొంభై ఏడు తప్పు."

"అంటే నాలుగే నిజమా?"

"అదీ తప్పే సార్."

"రెండూ తప్పయితే మండలి దేనికండీ?"

"అదే సార్, నేనూ మిమ్మల్ని..."

తెర నల్లబడింది. పెంటయ్య మంత్రిగారికి సూటిగా ఉత్తరం రాశాడు. వారం తిరక్కుండానే జవాబుగా పెంటయ్యకి ప్రతిభా పతకం మంజూరైంది. గవ్వదీవికి 'ప్రియతమ దేశం' బిరుదు స్వయంగా అందజేయడానికి చిదానందం గారు వస్తున్నారనీ, సభకి ఏర్పాట్లు చెయ్యమనీ కబురొచ్చింది.

సభ సామగ్రి దించడానికి ఓడ గవ్వదీవి రేవులో ఆగింది. షామియానా దింపారు, వెండి ఫలకం దింపారు, చిదానందం గారి కోసం మంచినీళ్ల సీసాలు దింపారు, వీటిలో నీళ్లున్నాయి. ఓడ డెక్కు మీద నీలంరంగు పెట్టె ఒకటి తాళ్లతో కట్టి ఉంది. దాని మీద కుళాయి బొమ్మ. చదువు రానివాళ్లకి కూడా అదేమిటో అర్థమైంది. పేటంతా ఒడ్డున నిలబడింది. ఓడ కూత వేసి పదకొండు శాతం దేశం వైపు తిరిగింది. అసిరమ్మ పెట్టెనీ, పెంటయ్యనీ చూసింది. ఆయన తలెత్తలేకపోయాడు. ఆవిడ తిడితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. ఆవిడ ఏమీ అనకుండా ఇంటికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే తవిటమ్మని తల్లితో పాటు పడవెక్కించి, నీళ్లున్న పక్కదీవికి పంపేశారు. అంత దూరం పిల్ల తట్టుకుంటుందో లేదో ఎవరూ పైకి అనలేదు.

మర్నాడు సభ. చిదానందం గారు మాపన శాస్త్రం మీద గంటసేపు మాట్లాడి, మధ్యమధ్య సీసా ఎత్తి నీళ్లు తాగుతుంటే జనం ఆ సీసానే చూశారు. తర్వాత ప్రజల తరఫున మాట్లాడమని అసిరమ్మని వేదిక ఎక్కించారు.

అసిరమ్మ కళ్లు మూసుకోలేదు. పెదవులు బిగబట్టలేదు. తడుముకోకుండా, పారే నీళ్లలా అందుకుంది.

"బాబూ, తమరు మారాజులు. మీ దేశం లాంటి దేశం ఈ లోకంలో లేదు. మీ దరమం సూసి మా కడుపు నిండిపోయినాది. మీ దేశమంటే మాకు శానా ఇష్టం."

పేటంతా చప్పట్లు కొట్టింది. సూరప్పడు అందరికంటే గట్టిగా కొట్టాడు. ఎవరూ ఉమ్మలేదు. చిదానందం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చూశారా పెంటయ్యగారూ, గుండె లోతుల్లోంచి వస్తున్న మాట! మీరేమో సూచి తప్పన్నారు."

అది నిజంగానే గుండె లోతుల్లోంచి వచ్చిన మాటేననీ, పన్నులవాడికి దక్కే మాటేననీ పెంటయ్యకి తెలుసు. ఆ మాట చెప్పినా మండలి ఏ గడిలో నొక్కుతుందో కూడా తెలుసు.

సభ అయ్యాక ఆయన ఏ ఇంటి నుంచైనా మిరపకాయల ఘాటు వస్తుందేమోనని గాలి పీల్చి చూశాడు. ఏ పొయ్యీ చిటపటలాడలేదు. మర్నాడు పొద్దున్న మేడ కింద అరుపు వినిపిస్తుందేమోనని మంచం మీద పడుకుని చెవులు రిక్కించాడు. ఎండెక్కింది, ఎవరూ రాలేదు. ఉండబట్టలేక ఆయనే అసిరమ్మ ఇంటికి వెళ్లాడు. ఉయ్యాల ఖాళీగా ఉంది.

అసిరమ్మ లేచి నిలబడింది. కుర్చీ తెచ్చి, చీరచెంగుతో దుమ్ము దులిపి వేసింది.

"దయసెయ్యండి బాబూ."

"అప్పా, వద్దు. అలా పిలవకు" అన్నాడు పెంటయ్య. "తవిటమ్మ ఎలా ఉంది?"

"తమ దయవల్ల ఉంది బాబూ."

"నీకు దండం పెడతాను అప్పా. ఒక్క తిట్టు తిట్టు. దరిద్రుడా అను. పెంటకుప్ప అను."

అసిరమ్మ రెండు చేతులూ జోడించింది.

"అంతటి పెద్దోరిని మాం తిట్టగలమేటి బాబూ? తమరు సల్లగా ఉండాల."